బంగారు కాయల దురంతా

మంచు కురిసే దేశాల్లో ఆకు రాలే కాలం వచ్చిందంటే తోటమాలి చూపు కాయల మీదికి మళ్ళుతుంది. హోలీ, పైరకాంత, కొటోనియాస్టర్, ఊదారంగు కాయల కాలికార్పా లాంటి పొదల్ని అక్కడివాళ్ళు ప్రత్యేకించి చలికాలం కోసమే నాటుకుంటారు. పువ్వు లేని, చాలాచోట్ల ఆకు కూడా లేని ఆ నెలల్లో తోటకి రంగిచ్చేది కాయ ఒక్కటే. హైదరాబాదుకి ఆ బెంగ లేదు. ఇక్కడ మార్గశిరంలోనూ వేప పచ్చగానే ఉంటుంది, కాగితంపూలు పూస్తూనే ఉంటాయి. అయినా మన చలికాలానికీ ఒక కాయల పొద ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో, తార్నాక వీధుల్లో, గేట్ల పక్కన, నడకదారుల వెంట దడిగా పెరుగుతున్న దురంతాయే అది. ఆ దారుల్లో ఏళ్ళ తరబడి నడిచినవాళ్ళలో కూడా చాలామంది దాని కాయని చూసి ఉండరు. అందుకు కారణం మొక్కలో లేదు, మన చేతిలోని కత్తెరలో ఉంది.

దురంతా పుట్టిల్లు కరీబియన్ దీవులు, మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉన్న వెచ్చని నేలలు. దాన్ని ఐరోపా వృక్షశాస్త్రానికి పరిచయం చేసినవాడు షార్ల్ ప్లుమియే అనే ఫ్రెంచి సన్యాసి. పద్నాలుగో లూయీ ప్రాపకంతో కరీబియన్ దీవులకి మూడుసార్లు వెళ్ళి, అక్కడి మొక్కల బొమ్మలు వేసి, 1703లో కొత్త ప్రజాతులతో ఒక పుస్తకం వెలువరించాడు. మన దేవగన్నేరు శాస్త్రీయనామం ప్లుమేరియాలో ఉన్నది ఈయన పేరే. ప్లుమియే ఈ పొదకి ఇటలీ వైద్యుడు కాస్టోరే దురాంతే మీద గౌరవంతో కాస్టోరియా అని పేరు పెట్టాడు. దురాంతే 1585లో రోములో పెద్ద ఓషధీ గ్రంథం ప్రచురించినవాడు, పోపు ఐదో సిక్స్‌టస్‌కి వైద్యుడు. తరవాత వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ అదే మనిషి ఇంటిపేరు తీసుకుని దురంతా అని మార్చాడు. 1753 నాటి తన మహాగ్రంథంలో ఎరెక్టా, రీపెన్స్ అని రెండు జాతులుగా రాశాడు కానీ, రెండూ ఒకటేనని తరవాతివాళ్ళు తేల్చారు. ఇవాళ శాస్త్రం ఒప్పుకునే పేరు దురంతా ఎరెక్టా.

పొద స్వేచ్ఛగా పెరిగితే మనిషిని మించి, రెండు మూడు నిలువులెత్తు పోతుంది. కొమ్మలు వంగి వేలాడతాయి. కొన్నిటికి ముళ్ళుంటాయి, కొన్నిటికి ఉండవు. పువ్వు లేత నీలి ఊదా రంగు, రేకుల మధ్య ముదురు చార. తెల్లగా పూసేవీ ఉన్నాయి. పూలగుత్తి కొమ్మ చివర పుడుతుంది, ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలి. పూలు రాలాక రక్షకపత్రాలు ఎండిపోవు. కండపట్టి, కాయని పూర్తిగా చుట్టేసి, కొసన చిన్న ముక్కులా వంకర తిరిగి మూసుకుంటాయి. మనం బంగారు రంగు కాయ అనుకునేది నిజానికి ఆ పైతొడుగు. లోపల నాలుగు గట్టి పలుకులు, ఒక్కోదానిలో రెండేసి గింజలు. వానలు వెనకబట్టాక ఈ కాయలు గుత్తులుగా పండి, చలి నెలల్లో కొమ్మల్ని కిందికి లాగుతూ వేలాడతాయి. పిగిలిపిట్టలు వచ్చి తింటాయి, గింజల్ని మరోచోట వదులుతాయి. కాయకి అంత రంగు ఉన్నది ఆ పిట్టల కోసమే.

బ్రిటిష్ కాలపు తోటల దారినే ఇది మన దేశంలోకి వచ్చింది. అదే దారిన వచ్చిన దాని దగ్గరి చుట్టాన్ని తలుచుకోకుండా ఈ కథ చెప్పకూడదు. పులికంప, తలంబ్రాల మొక్క అని మనవాళ్ళు పిలిచే లాంటానాదీ ఇదే వెర్బనేసీ కుటుంబం, అదే అమెరికా నేల. 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అందం కోసమే తెచ్చారు. దాని నల్లని కాయల్ని పిట్టలు అడవుల్లోకి మోసుకెళ్ళాయి. దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా లాంటానా పాకిందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. దురంతా మన దగ్గర అంత పని చేయలేదు. కానీ ఆస్ట్రేలియాలోనూ పసిఫిక్ దీవుల్లోనూ అది కలుపు కిందే లెక్క. అందువల్ల ఇది ఇంటి దడికీ ఆవరణకీ పరిమితం కావలసిన మొక్కే, గుట్టల మీదికీ అడవి అంచులకీ తీసుకెళ్ళవలసింది కాదు.

ఇది ఉస్మానియాలో ఎందుకు నిలిచిందో తెలియాలంటే అక్కడి నేల కథ చూడాలి. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం తొలినాళ్ళలో నగరంలోని అద్దె భవనాల్లో నడిచింది. తరవాత ఒకప్పుడు కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరుగా ఉన్న అడిక్‌మెట్ ప్రాంతానికి చేరింది. ఆర్ట్స్ కాలేజీకి 1934లో శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబర్ 4న ప్రారంభోత్సవం. ఇక్కడి నేల నల్లరేగడి కాదు. బండరాళ్ళు, వాటి మధ్య ఎర్రమొరం. దక్కనులో ఇలాంటి నేల మీద తనంతట తాను పెరిగేవి సీతాఫలం, రేగు, కలే పండ్ల ముళ్ళపొద. తార్నాక వైపు కూడా కిందంతా అదే రాయి. నీళ్ళు నిలవని, వేసవిలో పెనంలా కాలే ఇలాంటి నేలలో తట్టుకుని నిలిచే తోటమొక్కలు కొన్నే. కొమ్మ ముక్క గుచ్చితే నాటుకునే దురంతా వాటిలో ఒకటి. సంస్థల ఆవరణలకీ వీధి దడులకీ అది అంతగా నచ్చడానికి ఈ మొండితనమే కారణం.

అయితే గత కొన్ని దశాబ్దాల్లో ఎక్కువగా నాటుతున్నది పసుపు ఆకుల రకం. నర్సరీలో గోల్డెన్ దురంతా అని అడిగితే ఇచ్చేది అదే. దాని పసుపు రంగంతా చిగురులోనే ఉంటుంది. ఆకు ముదిరినా, నీడ పడినా ఆకుపచ్చబారుతుంది. కొత్త చిగురు రావాలంటే కత్తిరిస్తూనే ఉండాలి. మాలి వానాకాలమంతా పైన చదునుగా, పక్కలు నిలువుగా కత్తిరిస్తూ పోతాడు, కత్తిరించిన ప్రతిసారీ పూలగుత్తి పుట్టవలసిన కొమ్మ చివరే తెగిపోతుంది. పువ్వు లేదు, కాబట్టి కాయ లేదు, కాబట్టి పిట్ట రాదు. ఆకు రంగు కోసం కాయ రంగుని వదిలేసుకున్నాం. నాకిది పెద్ద నష్టంగానే తోస్తుంది. పసుపు గోడ ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుంది. కాయల గుత్తి మాత్రం కాలం మారిందని చెబుతుంది.

ఒక హెచ్చరిక తప్పదు. ఈ కాయ మనుషులకి విషం. పశువులకీ కుక్కలకీ కూడా ప్రమాదమే. రంగు చూసి పసివాళ్ళు నోట్లో పెట్టుకుంటారు, అందుకని పిల్లలు ఆడుకునే అపార్ట్‌మెంటు ఆవరణలోనూ బడి గోడ పక్కనా కాయ కాసే దురంతా వద్దు.

అలాంటి చోటికి వాక్కాయ ఉంది. అది మన నేల మొక్క, పైన చెప్పిన కలే పండ్ల పొదకి దగ్గరి చుట్టం. గన్నేరు, నందివర్ధనం కుటుంబానిదే కాబట్టి గిల్లితే పాలు కారతాయి. జంట ముళ్ళు, మెరిసే ఆకు, సువాసన ఉన్న తెల్లని పూలు. కాయ మొదట తెలుపు గులాబీ కలిసిన రంగులో ఉండి, ఎర్రబడి, పండేసరికి నల్లని ఊదాకి తిరుగుతుంది. దాని రంగు వానాకాలంలోనే మొదలవుతుంది, దురంతా పండేవేళకి ముగుస్తుంది. వాక్కాయ పప్పూ పచ్చడీ సంగతి మన ఇళ్ళకి చెప్పనక్కర్లేదు. బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు పాకంలో ఊరిన వాక్కాయే. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికల్లో ఎండు వాక్కాయని ఇనుము బాగా ఉన్నవాటిలో చేర్చింది, 100 గ్రాములకి దాదాపు 39 మిల్లీగ్రాములు. ఇంత చేసే మొక్క ఆ సంస్థ చుట్టుపక్కల వీధుల దడుల్లో ఇంకా ఎక్కువగా కనబడాలి.

దురంతా పెంచదలుచుకున్నవాళ్ళు ఆకుపచ్చ ఆకుల రకాన్నే అడగాలి. జూన్, జూలైలో పెన్సిలు మందం కొమ్మని జానెడు ముక్కలుగా కోసి తడి ఇసుకలో గుచ్చితే వేళ్ళు వస్తాయి. రోజంతా ఎండ తగిలే చోటు చూడాలి. కాయల కోసమైతే మొక్కకీ మొక్కకీ నాలుగైదు అడుగులు వదలాలి. అడుగు దూరంలో నాటితే అది కత్తెర దడే అవుతుంది. మొదటి రెండు వేసవులు నీళ్ళు పోస్తే చాలు, తరవాత తనని తానే చూసుకుంటుంది. కత్తెర పట్టవలసింది ఏడాదికి ఒక్కసారి, కాయలు అయిపోయాక, ఫిబ్రవరి చివర ఎండలు ముదరకముందు. ముసలి కొమ్మల్ని మొదటికంటా తీసేసి, పొడుగు కొమ్మల్ని మూడో వంతు తగ్గించాలి. జూన్ నుంచి మళ్ళీ ఫిబ్రవరి దాకా కొమ్మ చివర్లని ముట్టుకోకూడదు.