వర్ణక్రమ పరిశోధకములు: వాని పదపట్టికల చరిత్ర

కావ్యమొకదానిని పరిష్కరించుచున్న పరిశోధకుడు కంప్యూటరుపై "చెఱువు" అని వ్రాసెననుకొందము. ఆ కంప్యూటరునకిచ్చిన పదపట్టికలో "చెరువు" మాత్రమే యున్నచో, ఒప్పుగా వ్రాసిన మాట క్రింద ఎఱ్ఱని గీత పడును. పరిశోధకుడు సందేహించి ఱకారమును తీసివేసిన తోడనే గీత మాయమగును. దానితోపాటు ఆ ప్రతియందలి ప్రాచీనసాక్ష్యమొకటియు మాయమగును. స్పెల్ చెకర్ అని లోకమున వ్యవహరింపబడు నీ సాధనము తనకిచ్చిన పట్టికనే ప్రమాణముగా గొనును. ఆ పట్టికల నెవ్వరు కూర్చిరి, ఏ విధముగా సవరించుచు వచ్చిరి యను విషయము తెలిసినగాని మనము దానిని నమ్మదగిన మేర తేలదు.

ఈ చరిత్రకు మొదలు అనుకోని చోట నున్నది. 1961లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో లెస్ ఎర్నెస్ట్ చేతివ్రాతను యంత్రముచే చదివించు ప్రయత్నములో నుండెను. చదివినది నిజముగా మాటయగునో కాదో తేల్చుటకై ఆయన 10,000 ఆంగ్లపదముల పట్టికను కూర్చెను. 1964లో ఫ్రెడరిక్ డామెరౌ వర్ణక్రమదోషములలో నూటికి 80కి పైగా నాలుగే తెఱగులని చూపెను: ఒక అక్షరము మాఱుట, లోపించుట, అధికమగుట, ప్రక్కప్రక్క అక్షరములు రెండు తారుమారగుట. 1971లో స్టాన్‌ఫర్డునందు రాల్ఫ్ గోరిన్ రచించిన "స్పెల్" అను ప్రోగ్రాము ఈ మార్గముననే తప్పుమాటకు దగ్గఱి ఒప్పుమాటలను సూచింపగలిగెను.

పదపట్టికను శాస్త్రీయముగా పోషించుట యన నేమో తెలియవలెనన్న బెల్ ప్రయోగశాలల వృత్తాంతమును కొంత విస్తరించి చెప్పక తప్పదు. యునిక్స్ వ్యవస్థకై స్టీవ్ జాన్సన్ 1975లో ఒక అపరాహ్ణమున "స్పెల్" తొలిరూపమును వ్రాసెను. దానిని పెంపొందించినవాడు డగ్లస్ మెకిల్రాయ్. నాటి యంత్రమున చోటు 64 కిలోబైట్లు మాత్రమే. అందు సుమారు 30,000 పదము లిముడవలెను. ఆయన ప్రతి పదమును ఒక సంఖ్యగా మార్చి ఆ సంఖ్యలనే నిక్షేపించెను. ఎప్పుడైన నొక తప్పుమాట సంఖ్యయు పట్టికలోని సంఖ్యతో కలియవచ్చును. ఆ నష్టము నెఱిగియే అంగీకరించెను. చోటు మిగుల్చుటకు ఉపసర్గలను, ప్రత్యయములను ఊడదీసి మూలపదమునే వెదకు పద్ధతిని వాడెను.

ఈ ఊడదీయుటలో నొక చిక్కు కలదు. "దెయిర్" అను ఆంగ్ల సర్వనామమును వ్రాయుచు "ఈ", "ఐ" అను అక్షరములను తారుమారు చేసినచో తప్పురూప మేర్పడును. కాని "నీ యొక్క" అను నర్థముగల "దై" అను ప్రాచీనపదమునకు తరతమప్రత్యయము చేర్చినను సరిగా ఆ రూపమే సిద్ధించును. నియమము నిర్దుష్టము, ఫలితము దుష్టము! ఇట్టివానిని ఆపుటకై నిషిద్ధపదముల పట్టిక వేఱుగా నొకటి కూర్పబడెను. అంతకంటె మెచ్చదగినది, ప్రోగ్రాము తప్పని చూపిన మాటలన్నియు ఒక చరిత్రపత్రమున చేరుచుండు ఏర్పాటు. దానిని పరిశీలించినచో పట్టికలోని కొఱత యేదో, జనుల పొరపాటేదో తెలియును. నిఘంటుకారులు ప్రయోగములను సేకరించినట్లే వీరు దోషములను సేకరించిరి.

పట్టిక యెంత పెద్దదైన నంత మేలని తోచవచ్చును. 1986లో జేమ్స్ పీటర్సన్ దీనిని ఖండించెను. ఒక అక్షరము తప్పగా మఱియొక మంచిమాట యేర్పడి దోషము దాగిపోవుట 50,000 పదముల పట్టికతో నూటికి 10 సార్లు, 350,000 పదముల పట్టికతో సుమారు 16 సార్లు జరుగునని ఆయన గణన. 1989లో డామెరౌ, మేస్ అనువారు దీనికి బదులు చెప్పిరి. వాడుక యెక్కువగా గల పదముల వరుసలో 50,000 నుండి 60,000కు పెంచగా, ఒప్పుమాటను తప్పనుట 1,348 చోట్ల తొలగినదనియు, తప్పు దాగుట 23 చోట్ల మాత్రమే పెరిగినదనియు వారి లెక్క. వాడుకనుబట్టి చేర్చినంత కాలము రెండవ వాదమే బలవత్తరమని నా యభిప్రాయము. కాని ఒక కాలపు వాడుకతో నేర్పడిన పట్టిక వేఱొక కాలపు గ్రంథమునకు చెల్లదు. తెలుగున ఈ బాధ హెచ్చు.

తెలుగునకు వచ్చుసరికి పదమనగా నేది యను ప్రశ్నయే మొదట నెదురగును. హంగరీ దేశీయుడు లాస్లో నేమెత్ తన భాషకై పెంపొందించిన "హన్‌స్పెల్" నేడు లిబ్రె ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ మున్నగువానియందు తెలుగుతో సహా పెక్కుభాషలకు వాడబడుచున్నది. అందు మూలపదముల పత్రమొకటి, ప్రత్యయనియమముల పత్రమొకటి. ఒకదానిపై నొకటిగా రెండు ప్రత్యయములను ఊడదీయు సామర్థ్యము దానికి గలదు. మన "ఇండ్లలోనివారికి" అను మాటలో దొంతరలు అంతకు మించి యున్నవి, సంధులు వేఱు. ఈ వ్యాసమునే అట్టి పరీక్షకు పెట్టినచో పుట కెన్ని ఎఱ్ఱగీతలు పడునో!

పట్టికలో నున్న మాటకే గీత పడినపుడు పలువురు ఆ మాటను మఱల స్వంతపట్టికకు చేర్చుదురు. ఇది సరికాదు. ముందుగా లిపిసంకేతములను పరీక్షింపవలెను. యూనికోడునందు ఐత్వమునకు ఒకే సంకేతము కలదు. ఎత్వమును, దాని క్రింది గుర్తును విడివిడిగా నిచ్చినను కంటికి అదే రూపము. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలలో పొల్లు నిలుచుటకై కనబడని విడదీయు గుర్తొకటి యుండును. దానిని ఒకరు వేయుదురు, ఒకరు వేయరు. యంత్రమునకు ఇవి వేర్వేరు మాటలు. హన్‌స్పెల్ నియమపత్రమున ఒక సంకేతమును పాటింపవలదని గాని, ఒకదానిని మఱియొకదానిగా గ్రహింపుమని గాని చెప్పు వీలు కలదు. అక్కడ ఒక పంక్తి సవరించిన, ఆ తెఱగు చిక్కులు వేలమాటలలో నొక్కసారిగా తీఱును.

ఱకార విషయము ఇట్లు తీఱదు. "వేరు" అనగా చెట్టుమూలము, "వేఱు" అనగా అన్యము. ఆధునికపు పట్టికలో మొదటిది మాత్రమే యున్నచో, కావ్యపాఠమున "వేఱు" అను ఒప్పునకు గీత పడును. "వేరు" అని పొరపాటున అచ్చుకూర్చినచో గీత పడదు. రెండును చేర్చినచో తప్పును పట్టు శక్తి పోవును. పీటర్సన్ చెప్పిన దోషమిదియే. అర్థభేదము లేని "చెఱువు" వంటివానిలో మాత్రము ప్రాచీనగ్రంథములకై వేఱు పట్టికను కూర్చి, "చెరువు"ను అందు నిషిద్ధముగా నుంచవచ్చును. కావ్యములకు పదసూచికలు సిద్ధపఱచుట తెలుగు శాఖలకు క్రొత్త పని కాదు; ఆ సూచికలనే ఇట్టి పట్టికకు మూలముగా గొనవచ్చును. ఇక "వేరు", "వేఱు" వంటి జంటలను విడిగా వ్రాసికొని, ప్రూఫు దిద్దునపుడు ఒక్కొక్క చోట కంటితోనే చూడవలసియుండును.