చిన్న గ్లాసులో ఒక నగర చరిత్ర

ఆల్ప్స్ పర్వతాల పాదసీమలోని తూరిన్ నగరం చిరకాలం సవాయ్ రాజవంశానికి రాజధాని. 1861 నుండి 1865 వరకు సమైక్య ఇటలీకి తొలి రాజధానిగా కూడా వర్ధిల్లింది. ఆ నగరవాసులకు తరతరాలుగా ప్రీతిపాత్రమైన పానీయం 'బిచెరిన్'. అక్కడి పీడ్‌మాంట్ భాషలో ఆ మాటకు చిన్న గ్లాసు అని అర్థం.

పద్ధెనిమిదవ శతాబ్దంలో కాఫీ, చాక్లెట్, పాలు, చక్కెర పాకం కలిపి పెద్ద గ్లాసులో అందించిన 'బవరేయిజా' దీనికి మాతృక. క్రమంగా గ్లాసు చిన్నదయింది. దినుసులు విడివిడిగా రాసాగాయి. కాఫీతో పాలు, కాఫీతో చాక్లెట్, అన్నీ కొద్దికొద్దిగా అని మూడు విధాలు ఏర్పడ్డాయి. కాలక్రమంలో మూడవదే నిలిచింది. అడుగున చిక్కని వేడి చాక్లెట్, దానిపై కాఫీ, అన్నిటికీ మీద చల్లని మీగడ నురుగు. గాజులో పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని కలపకుండా సేవించడమే అక్కడి ఆచారం.

1763లో జుసెప్పె డెంటిస్ కన్సొలాతా చర్చి ఎదుట ఒక పానీయశాల తెరిచాడు. బిచెరిన్ పేరుతోనే అది నేటికీ నడుస్తున్నది. ప్రసాద స్వీకారానికై ఉపవాసముండి వచ్చిన భక్తులకు ప్రార్థనానంతరం ఈ పానీయం బలాన్నిచ్చేది. కాఫీ శాలలు పురుషుల గోష్ఠీ స్థలాలుగా ఉన్న ఆ కాలంలో, దేవాలయ సాన్నిధ్యం వలనా, దీర్ఘకాలం మహిళల నిర్వహణలో ఉండుట వలనా, స్త్రీలు నిస్సంకోచంగా వచ్చి కూర్చోగలిగిన చోటు ఇది. రాజకుటుంబం చర్చిలో ఉన్నప్పుడు, ఇటలీ ఏకీకరణ సారథి కవూర్ ఇక్కడ నిరీక్షించేవాడని ప్రతీతి.

అయితే ఈ గ్లాసులో తూరిన్ నేలకు చెందినవి పాలు మాత్రమే. చాక్లెట్‌కు మూలమైన కోకో అమెరికా ఖండానిది. కాఫీ సేవనం అరబ్బు దేశాల నుండి ఐరోపాకు చేరింది. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఐరోపా ఓడరేవులకు చేరిన కోకో, కాఫీ, చక్కెరలలో అధికభాగం అట్లాంటిక్ ఆవల తోటలలో బానిసల శ్రమ ఫలం. నగరవాసుల ఆతిథ్యం వెనుక, వారు ఎన్నడూ చూడని ఆ శ్రామికుల కష్టమూ ఉన్నది.

2001లో బిచెరిన్‌ను పీడ్‌మాంట్ సంప్రదాయ ఉత్పత్తులలో ఒకటిగా అధికారికంగా గుర్తించారు. దూరదేశాల దినుసులను తన పాలతో కలిపి ఒక నగరం రెండు శతాబ్దాలకు పైగా నిలుపుకున్న అలవాటుకు అది లభించిన గౌరవం. ఆ గౌరవంలో ఆ తోటల స్మృతికీ చోటుండడం న్యాయం.