సొరబుర్ర మొదలు పెడల్‌బోర్డు దాకా

పోపుల డబ్బా లేని వంటిల్లు ఎక్కడైనా ఉంటే చూపించండి! పప్పు అదే, ఉప్పు అదే. కానీ ఆవాలు చిటపటలాడి, ఇంగువ వాసన లేచేసరికి దాని తీరే మారిపోతుంది. గిటారు వాయించే పిల్లల కాళ్ల దగ్గర ఒక చెక్కపలక, దానిమీద వరసగా రంగురంగుల ఇనప డబ్బీలు ఉంటాయి, చూశారా? దాన్ని పెడల్‌బోర్డు అంటారు. మన భాషలో అది గిటారుకు పోపుల డబ్బా. ఒక డబ్బీని కాలితో నొక్కితే తీగ గొంతు బొంగురుపోతుంది. ఇంకోటి నొక్కితే కొండల్లో కేకేసినట్టు మారుమోగుతుంది.

ఇదంతా నిన్నగాక మొన్న పడమటి దేశాల నుంచి దిగిన సరదా అనుకుంటాం. కానీ తీగ చప్పుడును నలుగురికీ వినిపించాలన్న ఆరాటం మా అచ్చంపేట వైపు చాలా పాతది.

నల్లమల అంచున ఉన్న మా ప్రాంతానికి కిన్నెర సొంత వాద్యం. ఒక వెదురుబొంగు, దానిమీద మైనంతో నిలిపిన మెట్లు, బిగించిన తీగలు, కింద ఎండిన సొరబుర్రలు. అంతే సరంజామా! ఉత్త తీగను మీటితే పక్కనున్న మనిషికి కూడా సరిగా వినపడదు. సన్నటి తీగ ఎంత గాలిని కదిలిస్తుంది చెప్పండి? ఆ అదురు బుర్రకు చేరి, లోపలి గాలి కూడా ఊగితే అప్పుడు వాకిలంతా వినిపిస్తుంది. కరెంటు లేని రోజుల్లో మనవాళ్ల ఆంప్లిఫయర్ సొరబుర్రే. పైసా ఖర్చు లేదు, పెరట్లో కాస్తుంది!

పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు తన బసవ పురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ చెప్పాడు. వాద్యమే ఇంటిపేరైపోయిందంటే అప్పటికే అది ఎంత పరిచయమో చూడండి. మా వైపు దీన్ని తరతరాలుగా కాపాడుకొచ్చింది డక్కలి కులస్తులు. ఊరూరా తిరిగి పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ పాడి, పెట్టింది తిని బతికారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యది ఇప్పటి మా నాగర్‌కర్నూల్ జిల్లాయే. 2021లో ఆయన గొంతూ కిన్నెరా ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో వినిపించాక దేశమంతా తెలిశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనే రోజుకూలీకి పోతున్నారని పత్రికల్లో చదివి నా మనసు చివుక్కుమంది. వాద్యం వినిపించడం వేరు, వాయించినవాడికి పూట గడవడం వేరు కాబోలు!

సరే, సొరబుర్ర వాకిలికి చాలింది. సభ పెద్దదయితే? ఈ చిక్కు సముద్రాల అవతల గిటారు వాళ్లకూ వచ్చింది. 1920లలో అమెరికా డాన్సు హాళ్లలో బూరల మధ్య, డ్రమ్ముల మధ్య గిటారు మూగదైపోయేది. జార్జ్ బోషాంప్ అనే వాద్యకారుడు 1931లో ఒక ఉపాయం పట్టాడు. అయస్కాంతం దగ్గర సన్నటి రాగితీగ చుట్ట పెట్టి, పైన ఉక్కుతీగ మీటితే చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్లోకి పంపితే హాలంతా మోగుతుంది. అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి అలాంటి గిటారును అల్యూమినియంతో చేయించి అమ్మాడు. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి పిడి. జనం దానికి పెట్టిన ముద్దుపేరేమిటో తెలుసా? పెనం! సొరబుర్ర తర్వాత పెనం! సంగీతం వంటింటిని వదలడం లేదు చూడండి.

మరి ఈ డబ్బీలెలా వచ్చాయి? అది ఇంకా తమాషా. 1961లో విడుదలైన ఒక పాట రికార్డింగులో మిక్సర్ లోపల ఏదో చెడిపోయి, బేస్ గిటారు చప్పుడు తుమ్మెద రొదలా బరబరమంది. తీసి పారేయకుండా అలాగే ఉంచారు. జనానికి నచ్చింది! గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ఆ చెడిపోయిన చప్పుడునే కావాలని పుట్టించే చిన్న డబ్బీ తయారుచేశాడు. 1962లో అది మాయెస్ట్రో ఫజ్ టోన్ పేరుతో బజారుకొచ్చింది. 1947లో కనిపెట్టిన ట్రాన్సిస్టరు పుణ్యమా అని కాలికింద ఇమిడిపోయింది. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల ఒక పాట దాంతో మార్మోగాక, దుకాణాల్లో ఉన్నవన్నీ అమ్ముడుపోయాయట. పులిసిన పిండితోనే మనం దోసెలు పోసుకోలేదూ!

కరెంటు వాద్యమంటే ఒట్టి రొద అనుకునేవారికి మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ ఉన్నారు. మామూలు మాండొలిన్ నాదం మీటగానే ఆరిపోతుంది, గమకానికి నిలవదు. ఆయన జంటతీగలు తీసేసి అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. పద్నాలుగేళ్ల వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించారు. కరెంటు అక్కడ అరుపు కోసం రాలేదు, నాదం నిలవడానికి వచ్చింది.

ఈ చరిత్రంతా నా నెత్తికెక్కడానికి కారణం మా అక్క కొడుకు. ఆదివారం చర్చిలో, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. ఒకచోట ఆంప్లిఫయర్ ఉంటుంది, ఇంకోచోట తీగను నేరుగా సౌండ్ సిస్టమ్‌లో గుచ్చమంటారు. అలా గుచ్చితే రేకుడబ్బాలో కందిరీగ దూరినట్టుండేది. వినసొంపుగా లేనివాణ్ణి మళ్లీ ఎవరు పిలుస్తారు? పిలుపు లేకపోతే నెల గడవదు.

“చిన్నమ్మా, పన్నెండు వేలల్ల బోర్డు జేసుకుంటా, జర సాయం జెయ్యి” అన్నాడు. చేతిలో ఏడు డబ్బీల జాబితా! పెళ్లిసామాన్ల పట్టీ తగ్గించినట్టు కూర్చున్నాను. “ఏ పాటకు ఏది వాడతావు?” అని ఒక్కొక్కటీ అడిగితే చివరికి నాలుగు తేలాయి. శ్రుతి చూసుకునే ట్యూనరు, గొంతు బొంగురు చేసే ఓవర్‌డ్రైవ్, మారుమోగించే డిలే, స్పీకరు పెట్టెను అనుకరించే క్యాబ్ సిమ్యులేటర్. మొదటి మూడూ చవక రకం చిన్న డబ్బీలే. నాలుగోది సెకండ్ హ్యాండ్‌లో దొరికింది.

ఆ నాలుగోదే అసలు కిటుకు. గిటారు ఆంప్లిఫయర్ స్పీకరు, సెకనుకు సుమారు 5,000 అదుర్లు దాటిన పదును చప్పుళ్లను చాలావరకు మింగేస్తుంది. సౌండ్ సిస్టమ్ మింగదు, ఉన్నది ఉన్నట్టు మొహాన కొడుతుంది. అందుకని ఆ డబ్బీ మధ్యవర్తిగా వడపోసి, మిక్సరుకు సరిపడేలా పంపుతుంది. ఆంప్లిఫయర్ ఉన్నచోట దాన్ని వదిలేసి డిలే నుంచే తీగ లాగితే సరి.

వరస కూడా ముఖ్యమే. ఓవర్‌డ్రైవ్ ముందు, డిలే తర్వాత. తిరగేస్తే ప్రతిధ్వనులు కూడా బరబరమని అంతా సంకటి అవుతుంది. ఇక కరెంటు. అన్నిటికీ 9 వోల్టులే అయినా, ఎడాప్టరు పిన్ను మధ్యలో మైనస్సా ప్లస్సా అన్నది డబ్బీమీద గుర్తుతో సరిచూసుకోవాలి. తప్పితే డబ్బీ కాలిపోవచ్చు. నాలుగూ తాగే మిల్లీఆంపులు కూడి, ఎడాప్టరు ఇచ్చేది అంతకన్నా ఎక్కువుందో లేదో చూడాలి. పలక మాత్రం మా పాత అలమర అర! కింద రెండు చెక్కముక్కలు ఎత్తు పెట్టి, పైన వెల్క్రో అంటించాం. పిండి కొద్దీ రొట్టె!

ఇప్పుడు వాడి తీగ మాటాడుతోంది. రెండు ఆర్కెస్ట్రాల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఇంట్లో పిల్లలు ఇలాంటివి అడిగితే “ఆ చప్పుడెందుకురా” అనకండి, లెక్క అడగండి. వినపడడం కళాకారుడికి సోకు కాదు, కూడు.

మీ ఊళ్లో జాతరకో, వార్షికోత్సవానికో స్టేజీ కడితే నిర్వాహకులకు మరో మాట కూడా చెప్పండి. ఆ పెద్ద సౌండ్ సిస్టమ్ ముందు కిన్నెర వాయించేవారికీ ఒక కుర్చీ వేయమని, వెళ్లేటప్పుడు చేతిలో సంభావన పెట్టమని. ఆ సొరబుర్రకు డబ్బీలేవీ అక్కర్లేదు, ఒక్క మైకు చాలు.