స్టాక్‌హోము నగరములోని పల్లెటూరు

“కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే” యని మన పెద్దలు చెప్పుకొనిన కాలమొకటి యుండెను. ఆ కాలముననే ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికేగి, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో క్షేమముగా ఇల్లు చేరిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్రచరిత్రలో గుళ్లును గోపురములును మాత్రమే లేవు. బాట యెట్లున్నదో, బస యెచ్చట దొరకునో, ఏ యూర ఏ సామగ్రి లభించునో, ఆ యూరి జనులెట్లు బ్రదుకుచున్నారో వారు వ్రాసిపెట్టిరి. యాత్రికుని కన్ను అట్టిది కావలెను. నేడు మన బిడ్డలు చదువులకును కొలువులకును స్వీడను దేశమునకు పోవుచున్నారు. వారిని చూడబోయిన తలిదండ్రులు స్టాక్‌హోము నగరమును చుట్టి వచ్చుచున్నారు. ఏమి చూచితిరని యడిగినచో ఛాయాపటములు చూపుదురు. వానిలో రాజమందిరమును, సముద్రమును, తమ ముఖములును కనబడును. ఆ నగరమును చూచివచ్చిన మేమును మొదట అట్టి పటములే తెచ్చితిమి గనుక ఇది పరనింద కాదు.

స్టాక్‌హోము మేలారెన్ సరస్సు బాల్టికు సముద్రమును కలియు చోట పదునాలుగు దీవులపై వెలసిన పట్టణము. ఆ దీవులలో యూర్గోర్డెన్ అనునది యొకటి. దానిమీద రెండు ప్రదర్శనశాలలు ఇరుగుపొరుగుగా నున్నవి. మొదటిది వాసా యను యుద్ధనౌకకు కట్టిన మందిరము. గుస్తావ్ అడాల్ఫ్ రాజు 64 ఫిరంగులతో ఆ యోడను కట్టించెను. బయలుదేరుటకు మున్ను ముప్పదిమంది నావికులను దాని పైతట్టున నీ పక్కకు నా పక్కకు పరుగెత్తించి పరీక్షించిరి. మూడు పరుగులకే యోడ ఒరిగిపోవజొచ్చుటచే పరీక్షను ఆపివేసిరి. ఓడను మాత్రము ఆపలేదు. త్వరపెట్టుచున్న రాజునకు నిజము చెప్పువాడు లేకపోయెను. 1628 ఆగస్టు 10వ తేదీన అది రేవు విడిచి మైలు దూరమైనను పోకమున్నే మునిగిపోయెను. విచారణ జరిగినది గాని యెవ్వరికిని శిక్ష లేదు. 333 సంవత్సరముల పిమ్మట, 1961లో, దానిని పైకెత్తిరి. జనులు తండోపతండములుగా చూచునది దీనినే.

రెండవది స్కాన్సెన్. ఒక గుట్టపై నున్న పల్లెటూరది. స్వీడను దేశపు నలుమూలలనుండి పాత రైతుల యిండ్లను, కొట్టములను, గాలిమరలను, బడిని, గుడిని దూలము దూలముగా విప్పి తెచ్చి ఇచ్చట తిరిగి నిలిపినారు. ఇట్టి కట్టడములు సుమారు 150 గలవు. వీనిని చేర్చుట కారంభించిన ఆర్తూర్ హజేలియస్ ప్రభువు కాడు, ధనికుడు కాడు. భాషాశాస్త్రము చదివి ఉపాధ్యాయులకు పాఠములు చెప్పిన పంతులు. 1872లో దాలార్నా సీమకు భార్యతో యాత్ర పోయి, రైలును యంత్రములును వచ్చుటచే పల్లెల వస్తువులు మాయమగుచుండుట చూచి, ఆయన మొట్టమొదట కొన్నది ఒక పల్లెపడుచు కట్టెడి ఉన్నిపావడ. మరుసటి సంవత్సరమే స్టాక్‌హోములో చిన్న ప్రదర్శనశాల తెరచెను. 1891 అక్టోబరులో స్కాన్సెన్ వెలసెను. అప్పటివరకు రాజుల కిరీటములకును కత్తులకును దొరకిన గౌరవము దానితో రైతు చెంచాకును దొరకెను.

అప్పటి స్వీడను సంపన్నదేశమని పాఠకులు తలంపరాదు. 1867 మొదలు 1869 వరకు అచ్చట కఱవు కాటకములు కలిగెను. 1850లో 35 లక్షల జనమున్న ఆ దేశమునుండి తరువాతి ఎనుబదియేండ్లలో పన్నెండు లక్షలమంది పొట్టకూటికై అమెరికాకు వలసపోయిరి. అయినను అంతకుముందే, 1842లో, ప్రతి పారిషునందును బడి యుండి తీరవలెనని శాసనము చేసికొనిరి. అన్నము చాలని దినములలోనే బడిని కట్టుకొనిన జాతి కనుక, తన పాత బ్రదుకును గూడ చదువదగిన పాఠముగా భావింపగలిగెను.

ఇంతవరకు తలచుకొని మేము ఉప్పొంగి స్వగ్రామమునకు వచ్చితిమి. మాది జహీరాబాదు ప్రాంతమున, కర్ణాటకపు పొలిమేరను, తెలుగు కన్నడము ఉర్దూ మూడును వినబడెడి మొగుడంపల్లి. ఇచ్చటను మోట పోయినది, గొర్రు అటకెక్కినది, జొన్నల పాతరలు పూడిపోయినవి, ధాన్యపు గుమ్మి యెట్లల్లుదురో చెప్పగల చేతులు కొలదిగా మిగిలినవి. బడిలో పిల్లలను మోట యనగా నేమని యడుగగా మూట యని బదులు చెప్పిరి. పాత వస్తువులు కొన్ని సేకరింపవలెనని సంకల్పించి, వాడలో నొక ముసలమ్మకడ కూర్చుండి, ఊరి పాత బావిని, దాని మోటను గూర్చి చెప్పుమంటిమి. ఆమె నవ్వి, “ఆ బాయిల నీళ్లు మమ్మల్ని ముట్టనిచ్చిన్రా, పంతులూ? నన్నడుగుతున్నవు మోట సంగతి” అనెను. మా సంకల్పము అచ్చటనే తలక్రిందులయ్యెను.

ఆమె మాటతో స్కాన్సెన్‌ను మరల తలచుకొంటిమి. అచ్చటను ఇట్టి దోషము జరిగియున్నది. ఉత్తరసీమ వాసులైన సామీ జాతి కుటుంబములను తెచ్చి, గుడారములలో నుంచి, చూడవచ్చినవారికి వినోదముగా చూపిరి. వస్తువును దాచుట వేరు, మనుష్యుని వస్తువుగా చేయుట వేరు. అయితే వారు కాలక్రమమున మరియొక పనియు చేసిరి. స్వీడనులో స్టాటారేలను వ్యవసాయకూలీలుండిరి. ఏటికొక ఒప్పందముతో కుటుంబముతో కూడ భూస్వామికడ కుదిరి, కూలిలో చాల భాగము గింజల రూపమునను పాల రూపమునను పొంది, భార్యలచేత గూడ పశువుల పాలు పిదికించుకొనబడి బ్రదికినవారు. 1945లో ఆ పద్ధతి రద్దయ్యెను. వారు కాపురమున్న యిరుకు గదుల వరుస నొకదానిని గూడ తెచ్చి రైతుల చక్కని యిండ్లసరసన స్కాన్సెన్‌లో నిలిపినారు. అది అందమైనది కాదు. కాని అది లేనిచో తక్కినదంతయు అబద్ధమయ్యెడిది.

మనకు ఈ దృష్టి క్రొత్తది కాదు. మా జిల్లాలోని జోగిపేటలోనే 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొదటి సమావేశము జరిగినది. ఆ ప్రతాపరెడ్డిగారే 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రము ప్రకటించి, రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆట, ఆచారములే చరిత్రమని చూపిరి. హజేలియస్ దూలములతో చేసిన పనిని వారు పుస్తకములతో చేసిరి. వెట్టిని గూర్చియు జీతగాని బ్రదుకును గూర్చియు చెప్పని తెలంగాణచరిత్రము ఎవరి చరిత్రము? వెట్టికార్మిక పద్ధతిని రద్దుచేసిన కేంద్రశాసనము వచ్చినది 1976లో. దానిని ఎఱిగిన ముసలివారు ఇంకను మన నడుమ నున్నారు.

జహీరాబాదు ప్రాంతముననే దీనికి మార్గమును కలదు. 1983లో పస్తాపూరు కేంద్రముగా వెలసిన దక్కను అభివృద్ధి సంఘపు స్త్రీలు, అందును పెక్కురు దళితులు, కొఱ్ఱ, సామ, జొన్న, అనుమువంటి పాత విత్తనములను బుట్టలలో కాపాడిరి. సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై ఆ విత్తనముల నెక్కించుకొని పాత పంటల జాతర పేర ఊరూర తిరిగిరి. 2008లో మాచునూరున తమ సొంత రేడియోను నెలకొల్పిరి. స్టాక్‌హోములో ఇల్లు గుట్టమీద కదలక నిలిచియున్నది. ఇచ్చట విత్తనము బండి యెక్కి యింటిముంగిటికి వచ్చినది. పైగా చెప్పువారును చూపువారును ఆ విత్తనము నాటినవారే.

పాతదంతయు మంచిదని మా వాదము కాదు. పేదరికమును అలంకరించి చూపుట కపటము. అట్లని సిగ్గుచే దానిని కప్పిపుచ్చుటయు నంతటి కపటమే. రాజునకు నిజము చెప్పనివారి ఓడ యేమయ్యెనో చూచితిమి గదా. తమకు తాము నిజము చెప్పుకొనని జాతికిని గతి వేఱుగా నుండదు.

కావున మా మనవి యిది. ప్రతి బడియందును ఒక చిన్న గది, అది లేకున్న ఒక బీరువా ఈ పనికి కేటాయింపుడు. పిల్లలు తమ యవ్వలను తాతలను అడిగి ఒక్కొక వస్తువును తెత్తురు గాక. దాని పేరు, చేసినవారి పేరు, వాడిన విధము ఒక చీటిపై వ్రాయింపుడు. దాని క్రిందనే, దానిని ముట్టరాదని యెవరిని దూరముంచిరో అదియు వ్రాయింపుడు. మా బడిలో ఈ పనికి ఆరంభము జరిగినది. మొదట వచ్చినది ఆ ముసలమ్మ యిచ్చిన మట్టికడవ. ఊరి బావినుండి ఇతరులు తోడి పోయు నీటికై ఆమె దానితోనే జాములకొలది నిలిచెడిదట. ఆ మాట చీటిపై ఆమె మనుమరాలే తన చేతితో వ్రాసినది.