నడచుచున్న కంప్యూటరునకు నకలు

తాటాకు గ్రంథము శిథిలము కాకమునుపే దానికి నకలు వ్రాయించుట మన పూర్వుల ఆచారము. వ్రాయసకాడు నకలు వ్రాయుచుండగానే మరియొకడు మూలములోని ఆకులను మార్చుచున్నచో ఆ నకలు ఎట్లుండును? మొదటి ఆకులు పాతవి, చివరి ఆకులు క్రొత్తవి. రెంటికిని పొంతన కుదరదు. పనిచేయుచున్న కంప్యూటరులోని సమాచారమునకు నకలు తీయుటలోని చిక్కు ఇదియే.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును ఆరంభించిరి. 1979లో వెలువడిన దాని ఏడవ కూర్పులో ‘టార్’ అను ఆదేశము చేరినది. టేప్ ఆర్కైవ్ అనుదానికి ఇది హ్రస్వరూపము. ఫైళ్లను వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి ముందు పేరు, పరిమాణము, మార్చిన కాలము మున్నగు వివరములను 512 బైట్ల శీర్షికగా చేర్చి, అయస్కాంతపు టేపు మీదికి ఎక్కించుట దీని పని. ఫిన్లాండులో విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సులో నేటికిని ఇది వాడుకలో నున్నది.

దినదినము సమస్తమును నకలు తీయుట కాలహరణము. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్‌లు ‘ఆర్‌సింక్’ను వెలువరించిరి. ఇది పాత నకలును ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు గుర్తుసంఖ్య కట్టి, మూలముతో సరిపోల్చి, మారిన భాగములను మాత్రమే పంపును.

అయినను మొదటి చిక్కు తీరలేదు. దానిని తీర్చినది స్నాప్‌షాట్ పద్ధతి. స్నాప్‌షాట్ తీసిన క్షణమున సమాచారమేదియు నకలు కాదు. అటుపిమ్మట డిస్కులో ఏ భాగము మారవలసి వచ్చినను, ముందు దాని పాత రూపము వేరొకచోట దాచబడి, తరువాతనే క్రొత్తది వ్రాయబడును. కావున టార్‌కు గాని ఆర్‌సింక్‌కు గాని ఆ క్షణము నాటి రూపమే కనబడును, కంప్యూటరును ఆపనక్కరలేదు. అయితే స్నాప్‌షాట్ అదే డిస్కులో నుండును గనుక, దానిని వేరొకచోటికి చేర్చిననే రక్షణ.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున పనిచేయుచున్న డేటాబేసునే తుడిచివేసెను. సుమారు 300 గిగాబైట్లలో మిగిలినది 4.5 మాత్రమే. నియమముగా నకలు తీయవలసిన ఏర్పాటు, సాఫ్టువేరు కూర్పుల భేదము వలన విఫలమగుచున్నను ఎవరును గమనింపలేదు. దాదాపు 6 గంటల ముందు వేరొక పనికై తీసిన స్నాప్‌షాట్ వారిని ఆదుకొన్నది. ఆ 6 గంటలలో డేటాబేసున చేరినది మాత్రము పోయినది.

నకలు తీసితిమని తృప్తిపడరాదు. ఉపాధ్యాయులు తమ మార్కుల పట్టికలను టార్‌తో నకలు తీసి, వేరొక ఫోల్డరులో విప్పి, మూలముతో పోల్చి చూపుదురు గాక. తిరిగి విప్పి చూడని నకలు ఉన్నదో లేదో చెప్పలేము.