ఏర్పేడు ఐఐటీ: అరువు గదుల్లో మొదలైన పెద్ద చదువు

శ్రీకాళహస్తిలో తిరుపతి బస్సెక్కితే మధ్యలో ఏర్పేడు వస్తుంది. గుడికి వచ్చిపోయేవాళ్ళకి అక్కడ దిగే పనేమీ ఉండదు, కిటికీలోంచి చూసి వదిలేస్తారు. అక్కడికి దగ్గర్లోనే, మేర్లపాక వైపు, దేశంలో సీటు దొరకడం చాలా కష్టమైన చదువుల్లో ఒకటి నడుస్తోంది. అదే ఐఐటీ తిరుపతి. పేరు తిరుపతిదే గానీ, ఏర్పేడు తిరుపతి కంటే మన కాళహస్తికే దగ్గర.

"ఇంత పెద్ద చదువు మన పక్కనే ఉంది, మరి మన పిల్లలకేం ఒరిగింది?" అని ఊళ్ళో ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో ఆంధ్రప్రదేశ్‌కి ఇస్తామన్న సంస్థల పేర్లు రాశారు. అందులో ఐఐటీ ఒకటి. 2015 మార్చి 28న మేర్లపాక దగ్గర శంకుస్థాపన జరిగింది. ఇక్కడ ఒక్కటి గమనించండి. మార్చిలో రాయి వేస్తే, ఆగస్టుకల్లా పిల్లలు వచ్చేశారు! నాలుగైదు నెలల్లో హాస్టలే పూర్తవదు, ఐఐటీ ఎట్లా పూర్తవుతుంది? అందుకని తిరుపతి-రేణిగుంట రోడ్డులో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ ప్రాంగణం తీసుకుని, అక్కడ మొదలుపెట్టారు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ అని నాలుగు బ్రాంచీలు, మొత్తం 120 సీట్లు.

అప్పట్లో కొందరు నవ్వారు. "అద్దె బిల్డింగులో ఐఐటీనా?" అన్నారు. నవ్వినవాళ్ళకి మన ఇంజనీరింగ్ చదువుల చరిత్ర తెలియదనే చెప్పాలి. దేశంలో మొట్టమొదటి ఐఐటీ ఖరగ్‌పూర్. 1951లో అది మొదలైంది ఎక్కడో తెలుసా? హిజ్లీ జైల్లో. బ్రిటిష్ వాళ్ళు స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన డిటెన్షన్ క్యాంపు అది. 1931లో అక్కడే పోలీసు కాల్పుల్లో ఇద్దరు ఖైదీలు చనిపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే భవనంలో 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులతో పాఠాలు మొదలయ్యాయి.

మన రాయలసీమ సంగతే చూడండి. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1946లో పుట్టింది గానీ, మొదట నడిచింది మద్రాసులో, గిండీ కాలేజీ ఆవరణలో. 1948లో అనంతపురానికి వచ్చింది. ఇప్పుడది జేఎన్టీయూ. 2008లో ఐఐటీ హైదరాబాద్ కూడా అంతే, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై, తర్వాత కంది చేరింది.

ఇంకో పోలిక కూడా ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీకి పార్లమెంటు చట్టం వచ్చింది 1956లో, అంటే పాఠాలు మొదలైన ఐదేళ్ళకి. తిరుపతికి చట్టం 2016లో వచ్చింది. అంతదాకా అది రిజిస్టరైన సొసైటీ మాత్రమే. అంటే 2015లో చేరిన పిల్లలు సొంత భవనమూ లేకుండా, చట్టంలో పేరూ లేకుండా మొదటి ఏడాది చదివేశారు. ఏ నమ్మకంతో?

నమ్మకం భవనాన్ని చూసి కాదు, వెనకున్న మద్రాసు ఐఐటీని చూసి. కొత్త ఐఐటీకి పాత ఐఐటీ ఒకటి పెద్దన్నలాగా ఉంటుంది. తిరుపతికి ఆ పెద్దన్న మద్రాసు. అది 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో వచ్చిన సంస్థ. వర్క్‌షాప్‌లో చేత్తో పని చేయించడం, ల్యాబులకి పెద్ద పీట వేయడం అక్కడ మొదటి నుంచీ ఉన్న అలవాటు. గదులు అరువు తెచ్చుకోవచ్చు. చదువు చెప్పే పద్ధతి మాత్రం ఒకరి దగ్గర నేర్చుకోవాల్సిందే.

సరే, లోపల చదువు ఎట్లా ఉంటుంది? మామూలు కాలేజీల్లో పాస్ మార్కు ముందే తెలుసు. పోతే సప్లీ రాసుకోవచ్చని ధైర్యం. ఐఐటీల్లో ఎక్కువగా నడిచేది రిలేటివ్ గ్రేడింగ్. అంటే నీకు 60 మార్కులు వస్తే అది మంచిదా కాదా అన్నది, మిగతా క్లాసుకి ఎన్ని వచ్చాయన్న దాన్ని బట్టి ఉంటుంది. పేపర్ కష్టంగా వచ్చి క్లాసంతా 40 దగ్గర ఆగిపోతే, 60 వచ్చినవాడు రాజు. అందరికీ 80 వస్తే అదే 60తో వెనకబడతాడు. ఇంటర్ దాకా ఊళ్ళో ఫస్టొచ్చిన పిల్లాడు, అలాంటి ఫస్టులే కూర్చున్న గదిలో మొదటిసారి మధ్యలోకి జారతాడు. ఆ దెబ్బ చాలామందికి మొదటి సెమిస్టర్లోనే తగులుతుంది. ఇంట్లో చెప్పుకోలేరు, ఎందుకంటే సీటు వచ్చినప్పుడు ఊరంతా స్వీట్లు పంచి ఉంటారు.

మొదటి బ్యాచ్‌కి ఇంకో కష్టం. సీనియర్లే లేరు. పాత ప్రశ్నపత్రాలు ఇచ్చేవాళ్ళు లేరు, "నాకూ మొదటి సెమిస్టర్లో తక్కువే వచ్చిందిరా, ఏం కాదు" అని భుజం తట్టేవాళ్ళు లేరు. 2019లో చదువు పూర్తి చేసుకున్న ఆ బ్యాచ్‌ని మనం టాపర్లుగా చూస్తాం. నేను మాత్రం ఇల్లు పూర్తికాకముందే కాపురం పెట్టినవాళ్ళుగా చూస్తాను.

ఆ తర్వాత సొంత స్థలంలోకి మారారు, భవనాలు లేచాయి. 2018 నుంచి ఐఐటీలన్నిటిలో ఆడపిల్లలకు అదనపు సీట్లు పెట్టడంతో హాస్టళ్ళలో వాళ్ళ సంఖ్యా పెరిగింది. 2024 ఫిబ్రవరి 20న ప్రధాని శాశ్వత ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. రాయి వేసిన దగ్గర్నుంచి లెక్కేస్తే సుమారు తొమ్మిదేళ్ళు.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకి వద్దాం. ఐఐటీ సీటుకి ఊరి కోటా లేదు. ఏర్పేడు పిల్లకైనా, పాట్నా పిల్లాడికైనా పరీక్ష ఒకటే. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో రాయొచ్చు. ఆ పైన ఉండే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. లోపల పాఠాలు ఇంగ్లీషులో. అంటే మన ప్రభుత్వ బడిలో తెలుగు మీడియంలో చదివిన పిల్లకి, బస్సులో అరగంట దూరంలో ఉన్న గేటు నిజానికి చాలా దూరం.

భవనం లేకపోయినా ఐఐటీ నడిచింది, చట్టం రాకముందే నడిచింది. ఆ రెండూ తర్వాత వచ్చాయి. మన బడి నుంచి ఆ గేటు దాకా దారి మాత్రం దానంతటది రాదు. ఎనిమిదో తరగతిలోనే లెక్కలు ఇష్టపడే పిల్లని గుర్తించే టీచరు కావాలి. ఆ లెక్కల మాటలే ఇంగ్లీషులో కూడా మెల్లగా అలవాటు చేసేవాళ్ళు కావాలి. సీటు వచ్చాక "ఎన్ని మార్కులు?" అని కాకుండా "ఎట్లా ఉన్నావమ్మా?" అని అడిగే ఇల్లు కావాలి. ఆ పెద్దాయనకి నేనిచ్చిన జవాబు ఇదే. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మా మనవరాలి బడికి ఒకసారి వెళ్ళొస్తాను" అన్నారు.

రేణిగుంట రోడ్డు రోజుల్లో అక్కడ చదివినవాళ్ళు, పని చేసినవాళ్ళు ఎవరైనా ఇది వింటుంటే, మీ జ్ఞాపకాలు మాకు రాసి పంపండి. పదేళ్ళ కిందటి సంగతే గానీ, రాసిపెట్టకపోతే అదీ పోతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.