పన్నెండో తరగతి, ఆ తరవాత ఎగ్జిట్

సౌదీ తూర్పు ప్రాంతంలో ఒక తెలుగు కాపురం ఇంకా ఎన్నాళ్ళుంటుందో తెలుసుకోవాలంటే పెద్దపిల్ల ఏ తరగతో అడిగితే చాలు. ఆరో తరగతంటే ఇంకా కొత్త సోఫా కొనుక్కోవచ్చు. ఎనిమిదంటే మొగుడూ పెళ్ళాం రాత్రిళ్ళు లెక్కలు వేసుకుంటున్నారని అర్థం. పన్నెండుకొచ్చిందంటే ఆ ఇంటి వాషింగ్ మెషీన్ మీద ఇరుగుపొరుగుల కన్ను పడుతుంది. దమ్మాంలో ఒక ఇండియన్ స్కూల్లో, అమ్మాయిల సెక్షన్‌లో, చాలా ఏళ్ళు కంప్యూటర్ సైన్స్ చెప్పినదాన్ని. నా దగ్గర ప్రోగ్రాం రాయడం నేర్చుకున్న పిల్లల్లో చాలామంది ఆ చదువే పైకి చదవాలంటే దేశం వదలాలి. వాళ్ళతోపాటు తల్లి, ఒక్కోసారి ఇల్లంతా కదలాలి. ఈ ఆచారం ఎలా పుట్టిందో, ఏ కాగితాలు దాన్ని నడిపాయో రాసిపెట్టినవాళ్ళు నాకు కనబడలేదు. మనవాళ్ళ గల్ఫ్ కథలన్నీ వీసా ఇచ్చే యజమాని, అంటే కఫీలు, దగ్గర మొదలై ఎయిర్‌పోర్టు దగ్గర ఆగిపోతాయి.

చమురు దేశంలో కాలేజీలు లేక కాదు. మా ఫ్లాటు మేడ మీదికెక్కితే దూరంగా దహ్రాన్ గుట్ట మీద కింగ్ ఫహద్ పెట్రోలియం యూనివర్సిటీ టవరు కనిపించేది. 1963లో రాజశాసనంతో కాలేజీగా పుట్టి, మరుసటేడు 67 మంది కుర్రాళ్ళతో క్లాసులు మొదలుపెట్టింది. 1975లో యూనివర్సిటీ అయింది, 1986లో రాజు పేరు చేరింది. చదువు మొదటినుంచీ ఇంగ్లీషులోనే, కంప్యూటర్ విభాగానికి మంచి పేరు. కానీ డిగ్రీలో బయటి దేశాల పిల్లలకి దొరికేవి కొద్ది సీట్లు, అవీ మగపిల్లలకే. డిగ్రీ క్లాసుల్లోకి అమ్మాయిలు అడుగుపెట్టింది 2021లో. కంటికి కనిపించే దూరంలో ఉన్న ఆ టవరు నా విద్యార్థినులకి ఫోటోల్లో వెనకాల పడే కట్టడంగానే మిగిలింది.

సౌదీ అమ్మాయిలు మాత్రం కంప్యూటర్ చదువులోకి మనం అనుకునేదానికన్నా ముందే, ఎక్కువగానే వచ్చారు. ఆడపిల్లలకి ప్రభుత్వ బడులు తెరిచిందే 1960లో. ఆ తరవాత పాతికేళ్ళు తిరక్కుండానే రియాద్‌లో కింగ్ సౌద్ యూనివర్సిటీ కంప్యూటర్ కాలేజీ పెట్టింది. మగ లెక్చరరు పాఠం చెప్పాల్సి వస్తే ఆయన ఒక గదిలో కెమెరా ముందు, అమ్మాయిలు ఇంకోచోట టీవీ ముందు. సందేహం వస్తే ఫోనెత్తి అడగాలి. కోవిడ్ ఏడాది ఆన్‌లైన్ పాఠాలంటూ మేమంతా తలలు పట్టుకుంటే, మా పక్క వాటాలో ఉండే రిటైరైన సౌదీ టీచరమ్మ నవ్వింది. ఆవిడ డిగ్రీ సగం అలాగే చదివిందట.

మన పిల్లల బడులకి వస్తే, రియాద్‌లోనూ దమ్మాంలోనూ ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్ళు 1982లో మొదలయ్యాయి, జెద్దాది ఇంకా పాతది. సీబీఎస్ఈ సిలబస్ పన్నెండు దాకా ఉంటుంది, ఆ పైన గోడ. ఎనభైల్లో వచ్చిన తెలుగు తండ్రులు ఎక్కువమంది కాంట్రాక్టు కంపెనీల్లో సివిల్, మెకానికల్ ఇంజినీర్లు, సర్వేయర్లు, అకౌంటెంట్లు. కొడుకు తన దారిలోనే నడవాలనుకునేవాళ్ళు. డబ్బుంటే కర్ణాటకలో డొనేషన్ కట్టేవాళ్ళు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చినవాళ్ళకి బంజారాహిల్స్‌లో 1980లో పెట్టిన ముఫఖంజా కాలేజీ, 1984లో దారుస్సలాంలో వచ్చిన దక్కన్ కాలేజీ ఇంటి ముందు కాలేజీల్లాంటివి. ఆ రెండింటి మీదా గల్ఫ్ కుటుంబాలకి గురి ఎక్కువ. మా స్టాఫ్‌రూంలో ఉర్దూ టీచరుకి ఆ కాలేజీల బ్రాంచీలు, ఫీజులు నోటికొచ్చు.

డొనేషన్ల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1983లోనే చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, మన రాష్ట్రం మీద వేసిన కేసే అది, సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల ఇష్టారాజ్యానికి కళ్ళెం వేసింది. ఆ తీర్పు తరవాతి ఉత్తర్వుల్లోనే ఎన్నారైలకి 5 శాతం సీట్లు అన్న మాట వచ్చింది. 2005లో ఇనాందార్ కేసులో 15 శాతం దాకా ఇవ్వొచ్చని కోర్టు చెప్పింది. మెరిట్ సీట్ల పిల్లలకి ఫీజు తగ్గించాలి, కాలేజీ నడవాలి, మధ్యలో బరువు ఎవరో ఒకరు మోయాలి కదా. ఆ ఎవరో ఒకరం మేమన్నమాట.

ఎన్నారై సీటుకి మా తెలుగు కాలేజీలు మామూలుగా అడిగేది ఏడాదికి 5 వేల డాలర్లు. సౌదీ రియాల్ 1986 నుంచీ డాలరుకి 3.75 దగ్గర కట్టేసి ఉంది. కాబట్టి ఖోబర్‌లో జీతం తీసుకునే తండ్రికి ఆ సీటు 2005లోనూ 18,750 రియాళ్ళే, 2023లోనూ 18,750 రియాళ్ళే. గుంటూరులో అదే సీటుకి రూపాయలు కట్టేవాడికి 2 లక్షల 20 వేల నుంచి 4 లక్షల పైకి పోయింది. మా వీధిలో ఫీజుల గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ రూపాయల్లో చెప్పకపోవడానికి కారణమిదే. తల్లిదండ్రులు దీన్ని అదృష్టం అనుకునేవాళ్ళు. అదృష్టమే, జీతం కూడా రియాళ్ళలో అక్కడే కట్టేసి ఉందన్న సంగతి పక్కన పెడితే.

ఇంతకీ మా పిల్లలు ఎంసెట్ రాసి మామూలు సీటే తెచ్చుకోవచ్చు కదా అని ఊళ్ళో వాళ్ళు అడుగుతారు. ఇక్కడే 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డొస్తుంది. యూనివర్సిటీ ప్రాంతాన్ని బట్టి 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి. లోకల్ అనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా 4 ఏళ్ళు ఆ ప్రాంతంలో చదవాలి. తెనాలిలో తాత ముత్తాతల నాటి ఇల్లున్నా, అమ్మాయి దమ్మాంలో చదివింది కాబట్టి నాన్‌లోకల్. వెనక్కి లెక్కేస్తే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. అంటే ఎనిమిది అవ్వగానే విమానం ఎక్కాలి. నేను మొదట్లో చెప్పిన ఆ ఎనిమిదో తరగతి రాత్రిళ్ళ లెక్కలు ఇవే. ప్రాంతాల గొడవల మధ్య పుట్టిన ఉత్తర్వు అది. దాన్ని రాసినవాళ్ళకి జుబైల్‌లో ఒక తల్లి దాన్ని చూసుకుని సామాను సర్దుకుంటుందని తట్టి ఉండదు.

అందుకే మా దగ్గర మూడు రకాల ఇళ్ళు. ఎనిమిదితో వెళ్ళి లోకల్ అయ్యేవాళ్ళు. పదితో వెళ్ళి, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్ కాలేజీ హాస్టల్లో వేసేవాళ్ళు. పన్నెండు దాకా ఉండి ఎన్నారై సీటు కట్టేవాళ్ళు. మూడింట్లోనూ తల్లి వెళ్ళడం మామూలే, తండ్రి బ్యాచిలర్ రూముకి మారడం మామూలే. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా కింది వాటా ఆవిడ ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని వచ్చి, "పెండ్లయినంక పన్నెండేండ్లు ఎదురుచూసి ఈడికొస్తిని టీచరమ్మా, పిల్ల పన్నెండుకొస్తే మల్ల పోతున్న" అంది. మొగుడు మొదట పన్నెండేళ్ళు ఫ్యామిలీ వీసా రాక ఒంటరిగా ఉన్నాడు, ఇప్పుడు మళ్ళీ ఒంటరి.

నిట్‌ల దారి కొంచెం మెరుగు. ప్రవాసులకి నేరుగా సీట్లిచ్చే దాసా పథకం వచ్చాక, వాటిలో మూడో వంతు గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లలకి కేటాయించి, ఫీజు ఇండియాలోని పిల్లలతో సమానం చేశారు. వరంగల్ నిట్‌లో సీఎస్‌ఈ అంటే మా పిల్లలకి తిరుపతి కొండంత. దానికి ఒకప్పుడు అమెరికా వాళ్ళ శాట్ సబ్జెక్టు పరీక్షలు రాయాల్సి వచ్చేది. తెలుగు పిల్ల, సౌదీలో కూర్చుని, వరంగల్లో చదవడానికి అమెరికా పరీక్ష రాయడం! ఆ పరీక్షలు 2021లో ఎత్తేశారు, అప్పటినుంచి జేఈఈ మెయిన్ ర్యాంకే.

మరి సివిల్ పోయి కంప్యూటర్ ఎప్పుడొచ్చింది? 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. రెండు నెలలకే, 1999 జనవరిలో, సౌదీలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది. దేశమంతటి ట్రాఫిక్కూ రియాద్‌లో ఒక్క ప్రభుత్వ సంస్థ గుండా వెళ్ళేది. అంతకుముందు మా తూర్పు ప్రాంతంలో తొందరపడ్డవాళ్ళు సముద్రం అవతల బహ్రెయిన్‌కి ట్రంక్ కాల్ చేసి మోడెం కలిపేవాళ్ళు, బిల్లు చూసి గుండె పట్టుకునేవాళ్ళు. ఆ రెండేళ్ళలో మా క్లాసు సైజు మారిపోయింది. బయాలజీ తీసుకునే అమ్మాయిలు కంప్యూటర్ వైపు వచ్చారు. ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగం, సైటుకెళ్ళక్కర్లేదు, పెళ్ళయ్యాక ఏ దేశమైనా పనికొస్తుంది. తండ్రులు ఒప్పుకోవడానికి ఈ మూడు ముక్కలూ చాలేవి.

మా క్లాసులో నీలం తెర మీద టర్బో సీ, దాని మీద సీ ప్లస్ ప్లస్. 2019 ప్రాంతంలో పైథాన్ వచ్చేదాకా అదే మా ప్రపంచం. దానిలో దశాంశాల పాఠం వచ్చినప్పుడు మాత్రం నేను పుస్తకం మూసి మా ఊరి కథ చెప్పేదాన్ని. కంప్యూటర్ సైన్స్ పుస్తకాల్లో దహ్రాన్ పేరు చమురు వల్ల రాలేదు.

1991 ఫిబ్రవరి 25 రాత్రి ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి దహ్రాన్ దగ్గర బ్యారక్‌గా మార్చిన గోదాం మీద పడింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. దాన్ని మధ్యలో కొట్టాల్సిన పేట్రియాట్ క్షిపణి అసలు లేవలేదు. కారణం గడియారం. ఆ యంత్రం కాలాన్ని పదోవంతు సెకన్లలో లెక్కపెట్టి, దాన్ని 0.1తో గుణించి సెకన్లు చేసుకుంటుంది. మనకి 0.1 చిన్న అంకె. సున్నా, ఒకటి మాత్రమే ఉండే బైనరీ లెక్కలో అది 0.000110011001100 అంటూ అంతులేకుండా సాగుతుంది. యంత్రంలో ఉన్నవి 24 బిట్లు, మిగతా తోక కోసేశారు. కోసిన ముక్క సెకనులో కోటో వంతు ఉంటుందేమో. కానీ ఆ పేట్రియాట్ యంత్రాన్ని ఆపకుండా 100 గంటలు నడిపారు. 100 గంటల్లో పదోవంతు సెకన్లు 36 లక్షలు. నల్లబల్ల మీద గుణించమనేదాన్ని. మూడోవంతు సెకను తేడా తేలుతుంది. స్కడ్ సెకనుకి కిలోమీటరున్నర పైన పోతుంది. అంటే రాడారు అర కిలోమీటరు పైన పక్కన, ఖాళీ ఆకాశంలో వెతికింది. సరిచేసిన ప్రోగ్రాం దహ్రాన్ చేరింది ఆ మరునాడు.

నేను అప్పటికి గుంటూరులో బీఎస్సీ చదువుతున్నాను, ఇవన్నీ తరవాత చదివి తెలుసుకున్నవే. నా క్లాసులో పిల్లలకి మాత్రం అది నాన్న ఆఫీసుకెళ్ళే దారి. ఒకమ్మాయి లేచి, "మిస్, మా డాడీ ఆ రాత్రి బాత్రూంలో తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని కూర్చున్నారట" అంది. ఆ పిల్లకి 0.1ని ఎవరూ మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది. 2012 ఆగస్టులో సౌదీ చమురు కంపెనీ ఆరాంకోలో 30 వేల పైచిలుకు కంప్యూటర్లని ఒక వైరస్ తుడిచిపెట్టినప్పుడూ అంతే. ఆ ఏడాది సైబర్ సెక్యూరిటీ చదువుతానన్న అమ్మాయిలు నాకు మొదటిసారి తగిలారు.

వెళ్ళలేని పిల్లల సంగతీ ఉంది. తల్లి ఉద్యోగం మానలేదు, నానమ్మ లేదు, హాస్టలంటే తండ్రికి భయం. అలాంటివాళ్ళకి 2002లో మొదలైన అరబ్ ఓపెన్ యూనివర్సిటీ ఆధారమైంది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీతో ఒప్పందం, కంప్యూటింగ్ డిగ్రీ, దమ్మాంలోనే అమ్మాయిలకి వేరే విభాగం. ఈ డిగ్రీ ఇండియాలో చెల్లుతుందా, అమెరికా ఎమ్మెస్‌కి పనికొస్తుందా అని ప్రతి తండ్రీ నన్నడిగినవాడే. ఎమ్మెస్‌కి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. ఇండియాలో చెల్లుబాటు గురించి ఎవరికి వాళ్ళు కాగితం తెచ్చుకోమనేదాన్ని, ఆ మాట నా మీద పెట్టుకోలేను.

2017 జులైలో ఫ్యామిలీ ఫీజు వచ్చింది. తండ్రి మీద ఆధారపడ్డ ఒక్కొక్కరికి నెలకి 100 రియాళ్ళు, ఏటా ఇంకో 100 పెరుగుతూ 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 14,400 రియాళ్ళు, ఇకామా అనే నివాస పర్మిట్ రెన్యువల్‌కి ముందే కట్టాలి. ఒక ఎన్నారై సీటులో మూడొంతులు! పిల్లని దగ్గర పెట్టుకోవడానికీ కాలేజీలో వేయడానికీ ఖర్చు దగ్గరదగ్గరగా వచ్చేసరికి ఎనిమిదో తరగతి, పన్నెండో తరగతి లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఆరో తరగతి పిల్లల తల్లులు కూడా టీసీ కోసం ఆఫీసు ముందు నిలబడ్డారు. మా సెక్షన్లలో రెండేసి కలిపి ఒకటి చేశారు.

ఇప్పుడు తల్లిదండ్రుల చూపు దుబాయి, అబుదాబీల వైపు. బిట్స్ పిలానీ దుబాయిలో 2000లోనే వచ్చింది, ఐఐటీ ఢిల్లీ అబుదాబీ క్యాంపస్‌లో 2024లో సీఎస్‌ఈ బీటెక్ మొదలైంది. దమ్మాం నుంచి బండి తీస్తే ఒక్క సరిహద్దు దాటితే చాలు, తండ్రి శుక్రవారం వెళ్ళి చూసి రావచ్చు. మొన్న ఒకాయన ఫోన్ చేసి, వాళ్ళమ్మాయి తొమ్మిదిలో ఉంది, ఏం చేయమంటారని అడిగాడు. లోకల్ దాటిపోయింది, పది దాకా ఆగి ఇంటర్‌కి పంపినా నాన్‌లోకలే, కాబట్టి పన్నెండు దాకా ఉంచుకుని జేఈఈ రాయించండి, ఈలోపు ఏటా 18,750 విడిగా వేయండి అన్నాను. "మేడమ్, చిన్నవాడు అయిదులో ఉన్నాడు, వాడి సంగతి?" అన్నాడు. వాడికింకా మూడేళ్ళు టైముంది.